ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీ: శాస్త్రాలను కలిపే బాధ్యత ఎవరిది?

ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్ (పలు శాస్త్రాలను కలిపి చదివే చదువు) పేరిట బ్యాచిలర్ డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాలు విద్యార్థులను ఆకర్షించడానికి చెప్పే మాట దాదాపు అన్నిచోట్లా ఒకటే: నచ్చిన సబ్జెక్టులు ఎంచుకోండి, మీ డిగ్రీని మీరే రూపొందించుకోండి. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, ఈ చదువులో తేలికైన సగం గురించే అది చెబుతుంది. సబ్జెక్టులు ఎంచుకోవడం ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పని. ఎంచుకున్న వాటిని ఒకదానికొకటి ముడివేసి, వాటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఇవ్వలేని సమాధానాన్ని రాబట్టడానికి మాత్రం డిగ్రీ కాలమంతా పడుతుంది.

భౌతికశాస్త్రంలోనో చరిత్రలోనో చేరిన విద్యార్థికి ఏది ముందు చదవాలో, ఏది తర్వాత చదవాలో, ఎంత నేర్చుకుంటే ఆ శాస్త్రంలో డిగ్రీ పొందడానికి అర్హుడవుతాడో ఆ విభాగం ఎన్నో ఏళ్ళ అనుభవంతో ముందే తేల్చి పెట్టి ఉంచుతుంది. ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీలో ఆ పని చాలాచోట్ల విద్యార్థి నెత్తిన పడుతుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆ బరువును అధ్యాపకులతో పంచుకుంటాయి, కొన్ని పూర్తిగా వదిలేస్తాయి. ఒక కార్యక్రమం బాగుందా లేదా అన్నది కోర్సుల జాబితా పొడవును బట్టి కాక, శాస్త్రాలను కలిపే బాధ్యత ఎవరికి, ఏ దశలో, ఎలా అప్పగించారన్న దాన్ని బట్టి తెలుస్తుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

విడిపోయిన కథ, కలవబోయిన కథ

శాస్త్రశాఖల మధ్య ఇప్పుడు కనిపించే గోడలు మనం అనుకునేంత పాతవి కావు. అమెరికాలో చరిత్రకారుల సంఘం 1884లో, ఆర్థికశాస్త్రవేత్తల సంఘం 1885లో, రాజనీతిశాస్త్ర సంఘం 1903లో, సమాజశాస్త్ర సంఘం 1905లో ఏర్పడ్డాయి. అంటే సుమారు ఇరవై ఏళ్ళలో, అంతవరకు నైతిక తత్త్వశాస్త్రమనీ రాజకీయార్థశాస్త్రమనీ కలగలిసి బోధించిన విషయాలు నాలుగు వేర్వేరు వృత్తులుగా చీలిపోయాయి. ప్రతి వృత్తికీ తనదైన పత్రిక, తనదైన పరిశోధన పద్ధతి, తనవాళ్ళను తానే నియమించుకునే హక్కు వచ్చాయి. ఈ చీలిక వల్ల జ్ఞానం లోతుగా పెరిగిందన్నది కాదనలేని నిజం.

కలపాలన్న ప్రయత్నమూ ఆ వెంటనే మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1920లో తత్త్వశాస్త్రం, రాజకీయాలు, ఆర్థికశాస్త్రం కలిపి ఒక డిగ్రీని ప్రారంభించింది. గ్రీకు, లాటిన్ సాహిత్యాల చుట్టూ తిరిగే పాత చదువుకు దీటుగా, వర్తమాన ప్రపంచాన్ని అర్థం చేసుకునేందుకు ఒక చదువు కావాలన్నది దాని ఉద్దేశం. అమెరికాలో 1923లో ఏర్పడిన సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ విడిపోయిన సామాజికశాస్త్రాలను ఉమ్మడి సమస్యల మీద కూర్చోబెట్టే ప్రయత్నం చేసింది.

ఇంతకంటే ముందు జరిగిన మరో ప్రయోగం ఈ డిగ్రీలో చేరాలనుకునే వారికి ఎక్కువ పనికొస్తుంది. 1869 నుంచి 1909 దాకా హార్వర్డ్ అధ్యక్షుడుగా పనిచేసిన చార్లెస్ ఎలియట్, తప్పనిసరి పాఠ్యాంశాలను క్రమంగా తొలగించి, విద్యార్థి తనకు నచ్చిన కోర్సులు తానే ఎంచుకునే ఐచ్ఛిక విధానాన్ని నెలకొల్పాడు. గిరిగీసిన చదువు నుంచి అది పెద్ద విముక్తి. అయితే చాలామంది విద్యార్థులు ఏ రంగంలోనూ ప్రాథమిక కోర్సులు దాటి ముందుకు పోవడం లేదన్న ఫిర్యాదు త్వరలోనే బయలుదేరింది. ఎలియట్ తర్వాత వచ్చిన లారెన్స్ లోవెల్ అందుకే ఒక రంగంలో కేంద్రీకరణ, మిగిలిన రంగాల్లో విస్తరణ అనే నియమం పెట్టాడు. నేటి మేజర్ (ప్రధానాంశం), మైనర్ (ఉపాంశం) పద్ధతికి ఇలాంటి సంస్కరణలే పునాది. ఎంపికకు స్వేచ్ఛ ఒక్కటే సరిపోదని వంద సంవత్సరాల క్రితమే తేలిన విషయం. స్వేచ్ఛను మాత్రమే ముందుకు తెచ్చే నేటి ప్రచారం ఆ అనుభవాన్ని సౌకర్యంగా మరచిపోతుంది.

ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో ఈ డిగ్రీలు ఎక్కువగా 1960ల చివర, 1970ల మొదట పుట్టాయి. విద్యార్థి ఉద్యమాలు పాఠ్యప్రణాళికలనే ప్రశ్నించిన కాలం అది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1969లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికకు మూలం ఇద్దరు విద్యార్థులు రూపొందించిన నివేదిక. హాంప్‌షైర్ కాలేజీ 1970లో, ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ 1971లో విద్యార్థులను చేర్చుకోవడం మొదలుపెట్టాయి. రెండూ మార్కుల స్థానంలో అధ్యాపకులు రాసే వివరణాత్మక అంచనాలను ప్రవేశపెట్టాయి. 1970లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం పలు దేశాలు ఏర్పాటు చేసుకున్న ఓఈసీడీ సంస్థ ఆధ్వర్యంలో జరిగిన సదస్సు, దాని ఆధారంగా 1972లో వచ్చిన నివేదిక ఈ రంగానికి ఒక స్పష్టమైన పదజాలాన్ని ఇచ్చాయి. వేర్వేరు శాస్త్రాలను పక్కపక్కన పెట్టడం ఒక స్థాయి. వాటి భావనలను, పద్ధతులను పరస్పరం ప్రభావితం చేసుకోనివ్వడం ఇంకో స్థాయి. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఈ డిగ్రీల గురించిన గందరగోళంలో సగం తీరిపోతుంది.

నేడు స్థిరపడిన శాస్త్రంగా కనిపించేది నిన్నటి కలయిక కావచ్చు. మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, తత్త్వశాస్త్రం, నాడీశాస్త్రం కలిసి ఏర్పడిన కాగ్నిటివ్ సైన్స్‌లో, అంటే మనసు పనిచేసే తీరును అధ్యయనం చేసే శాస్త్రంలో, వాసార్ కాలేజీ 1982లో బ్యాచిలర్ డిగ్రీ ఇచ్చింది. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1986లో దానికంటూ ఒక విభాగాన్నే ఏర్పాటు చేసింది. విభాగం వచ్చాక కలిపే బాధ్యతను విభాగమే తీసుకుంటుంది, విద్యార్థికి నడవడానికి దారి ఉంటుంది. ఇంకా విభాగంగా మారని కలయికను ఎంచుకున్న విద్యార్థి ఆ దారిని తానే వేసుకుంటూ నడవాలి.

ఒకే పేరు కింద నాలుగు రకాల చదువులు

ఈ డిగ్రీ గురించి జరిగే వాదనల్లో చాలా వరకు, వాదించుకునే ఇద్దరూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతుంటారు. ఒకే పేరు కింద కనీసం నాలుగు రకాల చదువులు నడుస్తున్నాయి.

మొదటి రకంలో కలయికను విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. పైన చెప్పిన ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ ఇందుకు పాత ఉదాహరణ. అక్కడ కూడా మొదటి సంవత్సరం తర్వాత మూడింటిలో ఒక దాన్ని వదిలేసి రెండింటితో కొనసాగే వీలుంది, చాలామంది ఆ వీలును వాడుకుంటారు. మూడు శాస్త్రాలను చివరిదాకా సమానంగా మోయడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ 2012లో ప్రారంభించిన ఆర్ట్స్ అండ్ సైన్సెస్ డిగ్రీ ఇంకో రీతిలో నడుస్తుంది. కళల వైపు ప్రధానాంశం తీసుకున్న విద్యార్థి విజ్ఞానశాస్త్రాల వైపు ఉపాంశం తీసుకోవాలి, అటువైపు వారు ఇటువైపు రావాలి. దానికితోడు ఒక విదేశీ భాష, రెండు వైపుల పద్ధతులనూ పోల్చి చూపే ఉమ్మడి కోర్సులు ఉంటాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 1981 నుంచి ఇలాంటి కార్యక్రమమే నడుస్తోంది.

రెండో రకంలో విద్యార్థే కలయికను ప్రతిపాదిస్తాడు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని గాలటిన్ స్కూల్ ఇందులో పేరున్నది. 1972లో మొదలైన ఆ స్కూల్‌లో ప్రతి విద్యార్థీ సలహాదారు సాయంతో తన కేంద్రీకరణను తానే నిర్మించుకుంటాడు. డిగ్రీ చేతికి రావాలంటే చివర్లో ఒక మౌఖిక పరీక్ష దాటాలి. ఇరవైకి పైగా గ్రంథాల జాబితాను విద్యార్థి తయారుచేసుకొని, వాటిని కలిపే ప్రశ్నలను ముందుగా రాసిచ్చి, అధ్యాపకుల ఎదుట కూర్చుని ఆ పుస్తకాల మధ్య సంబంధాన్ని వివరించాలి. ఇలా కలిపే బాధ్యతను విద్యార్థికే ఇచ్చినా, దాన్ని పరీక్షించే ఘట్టం ఒకటి ఖచ్చితంగా ఉంది.

మూడో రకం గురించి ప్రచారపత్రాలు అంతగా చెప్పవు. మధ్యలో చదువు ఆపినవారు, రెండు మూడు మేజర్లు మారినవారు, ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి వచ్చినవారు అక్కడక్కడా సంపాదించిన క్రెడిట్లన్నిటినీ ఒక డిగ్రీ కిందకు చేర్చుకునే మార్గంగా అమెరికా విశ్వవిద్యాలయాలు దీన్ని వాడతాయి. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ, ఆగిపోయిన చదువును పూర్తి చేసుకునే వ్యక్తికి ఇది నిజమైన అవసరం. కాకపోతే ఇరవై ఏళ్ళ వయసులో, ఫలానా సమస్యను అధ్యయనం చేయాలన్న పట్టుదలతో వచ్చిన విద్యార్థి పొరపాటున ఈ రకం కార్యక్రమంలో చేరితే అతనికి దొరికేది చాలా తక్కువ.

నాలుగోది ఉపాధ్యాయ శిక్షణకు సంబంధించినది. టెక్సస్ రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు కావాలనుకునేవారు చదివే డిగ్రీకి చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్న పేరు ఇంటర్‌డిసిప్లినరీ స్టడీసే. చిన్న తరగతులకు అన్ని సబ్జెక్టులూ చెప్పాల్సిన వారికి అన్నిటిలో కొంత పరిచయం కావాలన్నది దాని తర్కం. మిగతా మూడింటితో దీనికి పేరు తప్ప పెద్దగా పోలిక లేదు.

కలపడం అంటే ఏమిటి: ఒక వడగాలి కథ

కలపడం, సమన్వయించడం వంటి మాటలు వినడానికి బాగుంటాయి గానీ, ఒక నిజమైన సమస్య మీద పెట్టి చూస్తేనే వాటి బరువు తెలుస్తుంది. 1995 జులైలో షికాగో నగరం మీదికి వచ్చిన వడగాలిని తీసుకుందాం. జులై 13న మిడ్‌వే విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత 106 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు 41 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. గాలిలో తేమ ఎక్కువగా ఉండడం, రాత్రుళ్ళు కూడా చల్లబడకపోవడం కలిసి వందల మంది ప్రాణాలు తీశాయి.

ఎంతమంది చనిపోయారన్న మొదటి ప్రశ్న దగ్గరే శాస్త్రాలు వేరుపడతాయి. శవపరీక్ష చేసే వైద్యుడు ఒక్కొక్క మరణాన్ని విడిగా పరిశీలించి, నిర్ణీత ప్రమాణాలకు సరిపోతేనే వడదెబ్బ కారణమని ధ్రువీకరిస్తాడు. ప్రజారోగ్య గణాంకవేత్త ఆ వారంలో మామూలుగా జరిగే మరణాలెన్ని, ఈసారి జరిగినవెన్ని అని లెక్కించి, ఆ తేడాను అదనపు మరణాలంటాడు. ఎక్కువగా ఉదహరించే 739 అన్న సంఖ్య ఈ రెండో పద్ధతిలో వచ్చింది. మొదటి పద్ధతిలో వచ్చిన సంఖ్య అంతకంటే తక్కువ. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. ఒకరు వ్యక్తి మరణానికి కారణాన్ని చూశారు, మరొకరు జనాభా మీద పడిన దెబ్బను కొలిచారు. రెండు సంఖ్యలనూ ఒకే పట్టికలో పెట్టి, వాటిలో ఏదో ఒకటి అబద్ధమన్నట్టు రాసిన విద్యార్థి ఇంకా చదువు మొదలుపెట్టనట్టే లెక్క.

తర్వాతి ప్రశ్న, ఎవరు చనిపోయారన్నది. ఒంటరిగా ఉన్నవారు, రోజూ ఇల్లు దాటి బయటకు రానివారు, ఏసీ లేనివారు ఎక్కువ ప్రమాదంలో పడ్డారని జనాభాలో జబ్బుల, మరణాల తీరును పరిశీలించే ఎపిడెమియాలజిస్టులు చనిపోయినవారిని, బతికినవారిని పోల్చి తేల్చారు. అక్కడితో వైద్యపరమైన వివరణ పూర్తయినట్టే కనిపిస్తుంది. కానీ పక్కపక్కనే ఉన్న నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అనే రెండు ప్రాంతాల్లో ఒంటరి వృద్ధుల, పేద వృద్ధుల నిష్పత్తి ఇంచుమించు ఒకేలా ఉన్నా, మొదటిదానిలో మరణాల రేటు రెండోదాని కంటే దాదాపు పదిరెట్లు ఎక్కువగా ఉంది. దీనికి ఒక సామాజికశాస్త్ర అధ్యయనం ఇచ్చిన వివరణ ఏమిటంటే, మొదటి ప్రాంతంలో జనం తరలిపోయి, దుకాణాలు మూతపడి, వీధులంటే భయం ఏర్పడడంతో వృద్ధులు తలుపులు వేసుకొని లోపలే ఉండిపోయారు. రెండో ప్రాంతంలో రద్దీగా ఉన్న వీధులు వారిని బయటకు రప్పించాయి. ఈ వివరణను ఇతర సామాజికశాస్త్రవేత్తలు తర్వాత గట్టిగానే ప్రశ్నించారు. ఒక ప్రాంతానికి వర్తించే లక్షణాన్ని అక్కడ చనిపోయిన ప్రతి మనిషికీ అంటగట్టవచ్చా అన్నది వారి అభ్యంతరంలో ముఖ్యాంశం.

ఇప్పుడు ఇదే అంశం మీద చివరి సంవత్సరం ప్రాజెక్టు రాస్తున్న విద్యార్థిని ఊహించుకోండి. సలహాదారులందరికీ బాగా పరిచయమైన ఒక రూపురేఖ ఉంటుంది: మొదటి అధ్యాయం వాతావరణం, రెండోది ఆరోగ్యం, మూడోది సమాజం, చివర రెండు పేజీల ముగింపు. ఆ ముగింపులో "ఈ సమస్యను అనేక కోణాల నుంచి చూడాలి" అన్న వాక్యం తప్పక ఉంటుంది. మూడు అధ్యాయాలూ విడివిడిగా బాగానే ఉండవచ్చు, కానీ వాటిని ఏ వరుసలో మార్చి పెట్టినా తేడా రాదు. విమర్శకులు ఈ డిగ్రీని అతుకుల బొంత అని ఎత్తిపొడిచేది ఇలాంటి పనిని చూసే.

కలిపిన పని వేరుగా కనిపిస్తుంది. బలహీనత అన్న ఒక్క భావననే తీసుకోండి. వైద్యుడికి అది శరీరంలో ఉంటుంది: వయసు, గుండెజబ్బు, వాడే మందులు. వాతావరణ శాస్త్రవేత్తకు అది ఎంత వేడికి ఎంతసేపు గురయ్యారన్న దానిలో ఉంటుంది. సామాజికశాస్త్రవేత్తకు తలుపు తట్టే మనిషి ఉన్నాడా లేడా అన్నదానిలో ఉంటుంది. మూడు అర్థాలనూ పరిశీలించి, ఉదాహరణకు "శరీరం తట్టుకోగల సమయం ముగిసేలోపు సాయం అందే అవకాశం" అని దాన్ని కొత్తగా నిర్వచించగలిగితే, ఆ నిర్వచనంలో శరీరశాస్త్రం గడువును చెబుతుంది, వాతావరణశాస్త్రం ఆ గడువు ఎంత త్వరగా కరుగుతుందో చెబుతుంది, సామాజికశాస్త్రం ఆ లోపు ఎవరు వస్తారో చెబుతుంది. ఒక్క శాస్త్రాన్ని తీసేస్తే వాదన కూలిపోతుంది. విలియం న్యూవెల్, అలెన్ రెప్కో వంటి ఈ రంగపు బోధకులు ఉమ్మడి భూమికను ఏర్పరచడం అని పిలిచిన పని ఇదే. శాస్త్రాల మధ్య ఉన్న విభేదాలను దాచిపెట్టకుండా ముందుగా గుర్తించి, అవి భావనల్లో ఉన్నాయా, ఊహల్లో ఉన్నాయా, కొలిచే పద్ధతిలో ఉన్నాయా అని వేరు చేసిన తర్వాతనే ఉమ్మడి భూమిక కోసం వెతకాలని వారి పద్ధతి చెబుతుంది.

ప్రతి శాస్త్రంలో ఎంత నేర్చుకుంటే ఈ పని చేయగలం? పూర్తి నైపుణ్యం అసాధ్యం, పైపై పరిచయం నిష్ప్రయోజనం. సరిపడినంత పట్టు ఉండాలన్నది ఈ రంగంలో సాధారణంగా ఇచ్చే సమాధానం. అంటే ఆ శాస్త్రం ఏ ప్రశ్నలు అడుగుతుంది, దేన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటుంది, దేన్ని చూడకుండా వదిలేస్తుంది అన్నవి తెలిసి, ఆ శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాన్ని చదివి దాని బలాబలాలు చెప్పగలిగినంత. గణాంకాల పట్టిక అర్థం కాని విద్యార్థి పై ఉదాహరణలోని వాదనలో ఒక్క అడుగు కూడా వేయలేడు. అందుకే నా అభిప్రాయంలో, ఏ కలయిక ఎంచుకున్నా కనీసం ఒక పద్ధతిని, అది గణాంకశాస్త్రం కావచ్చు, పాతపత్రాల పరిశీలన కావచ్చు, క్షేత్రస్థాయి సంభాషణ కావచ్చు, ఆ విభాగం విద్యార్థులతో సమానంగా నేర్చుకోవాలి. అది లేకుంటే రెంటికీ చెడ్డ రేవడి అన్న మాట నిజమయ్యే ప్రమాదం ఉంది.

క్రెడిట్లు, ముందస్తు కోర్సులు, సంతకాలు

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి. ఐరోపా విధానంలో ఏడాదికి 60 క్రెడిట్లు, మూడేళ్ళకు 180. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని ఉంటుందని లెక్క. అంకెల్లో చూస్తే రెండు మూడు శాస్త్రాలకు చాలినంత చోటు ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే సాధారణ విద్యకు కొంత, భాషకు కొంత పోగా మిగిలినదాన్ని పంచుకుంటే, ఒక్కో శాస్త్రానికి దక్కేవి ఎక్కువగా తొలి స్థాయి కోర్సులే అవుతాయి.

దీనికి కారణం ముందస్తు కోర్సుల గొలుసు. పర్యావరణ విధానాల మీద ఆసక్తి ఉన్న విద్యార్థి ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలకు గణాంక పద్ధతులను వర్తింపజేసే శాస్త్రం) కోర్సు తీసుకోవాలనుకుంటే, దానికి ముందు గణాంకశాస్త్రం, సూక్ష్మ ఆర్థికశాస్త్రంలో మధ్యస్థాయి కోర్సు కావాలి. ఆ మధ్యస్థాయి కోర్సుకు ముందు కలనగణితం, ప్రాథమిక ఆర్థికశాస్త్రం కావాలి. జీవావరణశాస్త్రంలో పై కోర్సుకు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం ప్రయోగశాలతో సహా పూర్తయి ఉండాలి. రెండు గొలుసులూ మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెడితే తప్ప మూడో సంవత్సరంలో కలవవు. రెండో సంవత్సరం చివర్లో ఈ డిగ్రీలోకి మారిన విద్యార్థికి రెండు వైపులా 100, 200 స్థాయి కోర్సులు, అంటే తొలి స్థాయి కోర్సులు మాత్రమే మిగలడం చాలా సాధారణం. కాబట్టి ప్రతిపాదనను మొదటి సెమిస్టర్ నుంచి చివరి సెమిస్టర్‌కు కాకుండా, చివరి ప్రాజెక్టుకు ఏ పై స్థాయి కోర్సు అవసరమో ముందు రాసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావడం మంచిది.

ఇంకో చిక్కు పాలనాపరమైనది. సీట్లు తక్కువగా ఉన్న కోర్సులో చాలా విభాగాలు తమ మేజర్ విద్యార్థులకే మొదటి అవకాశం ఇస్తాయి. రెండు విభాగాల తప్పనిసరి కోర్సులు ఒకే సమయంలో పడితే, సర్దుబాటు చేయాల్సిన బాధ్యత ఏ ఒక్క విభాగానిదీ కాదు. సలహాదారులు ఇద్దరుంటే ఇద్దరూ తమ శాస్త్రానికి సంబంధించిన కోర్సుల గురించే సలహా ఇస్తారు. దీన్ని వ్యక్తుల తప్పుగా చూడడం అన్యాయం. అధ్యాపకుల నియామకం, జీతం, పదోన్నతి అన్నీ వారి మాతృవిభాగం చేతుల్లో ఉన్నప్పుడు, సరిహద్దు మీద నిలబడ్డ విద్యార్థికి వారు ఇచ్చే సమయం వారి సద్బుద్ధి మీద ఆధారపడుతుంది. ఒహాయోలోని మయామి విశ్వవిద్యాలయంలో 1974లో మొదలై, ఈ రంగానికి ఎంతోమంది బోధకులను ఇచ్చిన ఇంటర్‌డిసిప్లినరీ స్కూల్ సైతం 2000 దశకంలో ప్రత్యేక విభాగంగా మూతపడింది. తనకంటూ స్థిరమైన అధ్యాపక బృందం, తనకంటూ బడ్జెట్ ఉన్న కార్యక్రమానికీ, అరువు అధ్యాపకులతో నడిచే కార్యక్రమానికీ ఉన్న తేడా విద్యార్థి రోజువారీ చదువులో తెలుస్తుంది.

ఈ చిక్కును ఎవర్‌గ్రీన్ కాలేజీ ఇంకో విధంగా తప్పించింది. అక్కడ విద్యార్థి ఒక క్వార్టర్‌లో, అంటే సెమిస్టర్ కంటే చిన్న విద్యాకాలంలో, నాలుగు వేర్వేరు కోర్సులు తీసుకోకుండా, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి ఒకే ఇతివృత్తం చుట్టూ నడిపే 16 క్రెడిట్ల ఏకైక కార్యక్రమంలో చేరవచ్చు. జీవశాస్త్ర అధ్యాపకుడు, చరిత్ర అధ్యాపకుడు ఒకే గదిలో ఒకే ప్రశ్న మీద విభేదించుకోవడం విద్యార్థి కళ్ళారా చూస్తాడు. కలిపే పని ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకు మించిన మార్గం నాకు తెలియదు. ఇద్దరు అధ్యాపకుల సమయాన్ని ఒకే తరగతికి వెచ్చించడం ఖరీదైన వ్యవహారం కాబట్టి, చాలా విశ్వవిద్యాలయాలు దీన్ని మెచ్చుకుంటూనే అనుసరించవు.

మార్కులు వేసేది ఎవరు?

పై వడగాలి ప్రాజెక్టును ఆర్థికశాస్త్రవేత్తకు ఇస్తే నమూనా బలహీనంగా ఉందంటాడు, సామాజికశాస్త్రవేత్తకు ఇస్తే మనుషుల గొంతు వినిపించడం లేదంటాడు. ఇద్దరూ తమ కొలబద్దతో సరిగ్గానే కొలిచారు, కలిపిన భాగాన్ని మాత్రం ఎవరూ కొలవలేదు. దీన్ని ఎలా అంచనా వేయాలన్నదాని మీద హార్వర్డ్‌లోని ప్రాజెక్ట్ జీరో అనే విద్యా పరిశోధన కేంద్రంలో వెరోనికా బొయిక్స్ మాన్సియా, ఆమె సహచరులు చేసిన పని అందరికంటే ఉపయోగపడేది. ఆమె సూచించిన ప్రమాణాలు ముఖ్యంగా మూడు: వాడిన ప్రతి శాస్త్రంలోనూ పని నిలబడుతుందా, శాస్త్రాలను కలపడం వల్ల అవగాహన నిజంగా ముందుకు సాగిందా, తన కలయిక పరిమితులేమిటో విద్యార్థికి తెలుసా. కార్యక్రమంలో చేరేముందు చివరి ప్రాజెక్టును ఏ ప్రమాణాలతో దిద్దుతారని అడిగితే, వచ్చే జవాబును బట్టి చాలా తెలుస్తుంది. రాతపూర్వకమైన ప్రమాణాలేవీ లేవని తేలితే, ఆ కార్యక్రమం కలపడాన్ని బోధించడం లేదని అనుకోవచ్చు.

డిగ్రీ తర్వాత

లైసెన్సు అవసరమైన వృత్తుల విషయంలో దాపరికం అక్కరలేదు. ఇంజనీరింగ్, నర్సింగ్, వాస్తుశిల్పం వంటి వృత్తుల్లో ప్రవేశానికి గుర్తింపు పొందిన నిర్దిష్టమైన డిగ్రీని అడుగుతారు. దగ్గరి సబ్జెక్టులు ఎన్ని చదివినా ఆ గుర్తింపుకు అవి సాధారణంగా ప్రత్యామ్నాయం కావు. అలాంటి వృత్తి కావాలనుకునేవారు ఆ డిగ్రీయే చదివి, రెండో ఆసక్తిని మైనర్‌గా ఉంచుకోవడం తెలివైన పని.

మాస్టర్స్ ప్రవేశాల్లో పరిస్థితి ఇంత బిగుతుగా ఉండదు. ప్రజారోగ్యం, నగర ప్రణాళిక, ప్రజా విధానం, గ్రంథాలయశాస్త్రం వంటి కోర్సులు ఏ నేపథ్యం నుంచి వచ్చినవారినైనా చాలావరకు తీసుకుంటాయి. ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం, జీవశాస్త్రం వంటివి డిగ్రీ పేరు కంటే ట్రాన్‌స్క్రిప్టులో ఉన్న నిర్దిష్ట కోర్సులను చూస్తాయి. అక్కడ లీనియర్ ఆల్జీబ్రా ఉందా లేదా అన్నదే ప్రశ్న, డిగ్రీ ఎంత విశాలమైనదన్నది కాదు. మూడో సంవత్సరం మొదట్లోనే తనకు నచ్చిన రెండు మూడు మాస్టర్స్ కోర్సుల అర్హత నియమాలు చూసుకొని, లేని వాటిని మిగిలిన సెమిస్టర్లలో ఇరికించుకున్న విద్యార్థికి తర్వాత ఇబ్బంది తక్కువ.

ఉద్యోగాల విషయంలో ఈ డిగ్రీ పేరు దానంతటదే ఏమీ చెప్పదు. కంప్యూటర్ సైన్స్ అన్న పేరు చూడగానే ఎదుటివారికి ఒక అంచనా వస్తుంది, ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్ అంటే రాదు. వడపోత చేసే వ్యక్తి చేతిలో రెజ్యూమె ఉండేది కొద్ది క్షణాలే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. విద్యార్థే తన కేంద్రీకరణకు పేరు పెట్టుకునే కార్యక్రమాల్లో ఆ పేరు మీద పెట్టే శ్రద్ధ ఇక్కడ ఫలిస్తుంది. "మానవ అనుభవాల అన్వేషణ" వంటి పేరు ఎవరికీ ఏమీ చెప్పదు, "నగర ఉష్ణోగ్రతలు, ప్రజారోగ్యం" అన్న పేరు రెండు ప్రశ్నలకైనా తావిస్తుంది. ఆ ప్రశ్నలకు జవాబుగా చేతికివ్వడానికి చివరి ప్రాజెక్టు ఉండాలి. దాన్ని ఎనిమిది పది పేజీలకు కుదించి, ఏ గణాంకాలు వాడారో, ఏ విభేదం దగ్గర ఆగి ఏం నిర్ణయించుకున్నారో కనిపించేలా తిరగరాసి పెట్టుకోవడానికి చివరి సెమిస్టర్‌లో కొన్ని వారాలు విడిగా కేటాయించుకోవాలి. డిగ్రీ చేతికొచ్చాక ఆ పని చేయించే సలహాదారు దొరకడం కష్టం.